ఉతుకు లెక్క

ముహర్రక్‌ల ఆట రాత్రి పదిన్నరకు అయిపోతది.
నా ఆట అప్పుడు మొదలైతది.
నెత్తిమీద విమానం దిగుతుంటే
రోడెల్ సంచి తెచ్చి కుమ్మరిస్తడు.
పన్నెండు బనియన్లు, పన్నెండు లాగులు,
ఒక్కటే జట్టు, పన్నెండు వాసనలు.

పాయింట్ల కాగితం గోడకు అంటిస్తరు.
దాన్ని తర్వాత చూస్త.
ముందు బట్టలు చూస్త.

మా తాత చాకిరేవుల మూట విప్పంగనే
ఏ ఇంట్ల చుట్టాలొచ్చిండ్రో
ఏ ఇంట్ల ఎవరు మంచం పట్టిండ్రో చెప్పేటోడు.
ఆయనకు అక్షరం రాదు.
నాకు వచ్చు, అయినా అట్లనే చదువుత.

మూడో నంబరు మార్కెల్, దూరదేశపోడు.
ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ఇరవై ఆరు,
రాత్రికో అంకె.
అతని బనియన్ భుజాల పొంట గోళ్ళ గీతలు,
ఇద్దరిద్దరు మీదపడ్డ గుర్తులు.
పేరున్నోనికి పేరుకు తగ్గ దెబ్బలు.

తొమ్మిది ఫాదిల్, ఈ ఊరోడే, కెప్టెను.
నిరుడు దాకా బంతి ముందు అతని చేతికే పోయేది.
నవంబరుల ఇద్దరూ బంతి నాదంటే నాదన్నరు,
పొట్టి సల్మీన్ నాకేం తక్కువన్నడు.
వరుసగ ఐదు ఆటలు పోయినయి.
ఆ నెల బనియన్లన్నీ ఒక్కతీరుగ తడిసినయి,
అన్నీ కొంచెం కొంచెం,
ఒక్క కుంపటి మీద ముగ్గురు అత్తలు వండినట్టు.

ఒకనాడు కోచ్ గోరాన్ తలుపేసి అరిచిండు.
అద్దంలకెళ్ళి చూసిన. మాట తెలవది, వేళ్ళు తెలుసు.
ఒకటి. రెండు. మూడు.
మిగిలినయి ముడిచిండు.
ఫాదిల్ రెండో వేలయిండు.
సల్మీన్ బెంచీ మీద కూసొని
ఆట సగమైనంక లేచే వేలయిండు.
ఆ రాత్రి ఫాదిల్ బనియన్ నేలకేసి కొట్టిండు.
నేను ఎత్తిన. గుండీలు లేని బట్ట, ఏం విరగలే.

గెలుచుడు ఆ వారమే షురువైంది.

అందరూ అందలమెక్కితే మోసేదెవరని
మా దిక్కు సామెత.
ఆ సామెత కట్టినోడు
బోయీ కాదని నా అనుమానం.

ఎందుకంటే పద్నాలుగు బద్ర్.
కాగితం మీద ఎప్పుడూ సున్నా, రెండు, సున్నా.
అతని పని
మార్కెల్‌ను తరిమేటోని దారిల
గోడలెక్క నిలబడుడు. కదిలితే తప్పు.
వచ్చినోడు వచ్చినట్టు గుద్దుకుంటడు.
బద్ర్ బనియన్ మీద, సరిగ్గ రొమ్ము కాడ,
ఇంకెవనిదో ఊదు అత్తరు వాసన.
ఏ రాత్రి ఎంతమంది తగిలిండ్రో
నా ముక్కు లెక్క చెప్తది.

ఆఖరాటకు బుట్ట పట్టుకొని వాకిట్ల నిలబడ్డ.
డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది.
పద్నాలుగు సెకన్లు.
బంతి మార్కెల్‌కే. ఇంకెవరికి?
బద్ర్ పోయి నిలబడ్డడు.
మోచెయ్యి మూతికి తాకిన సప్పుడు
నాకు ఇనపడ్డదనుకుంట.
ఇద్దరు మార్కెల్ మీదికి ఉరికిండ్రు,
రెండో వేలు ఒంటరిగ మిగిలింది.
మార్కెల్ ఇచ్చిండు. ఫాదిల్ ఎగేసిండు.
బంతి ఇనుప కడెం మీద ఒక చుట్టు తిరిగి,
ఆలోచించి, లోపల పడ్డది.

కాగితంల ఫాదిల్‌కు రెండు పాయింట్లు.
అందించినందుకు మార్కెల్‌కు ఒక గీత.
పద్నాలుగు కాడ సున్నా.
ఇనాం జాబితల బద్ర్ ఆఖరి పేరు.
దాని కింద తెల్లజాగ ఉంది చూడు,
అది రోడెల్‌ది, నాది.

బద్ర్ బనియన్ మెడకాడ నెత్తురు.
నెత్తురుకు వేడినీళ్ళు పనికిరావు, మరక నాటుకుంటది.
ముందు చల్లనీళ్ళల్ల, ఒక్కదాన్నే, నానబెట్టాలె.
నానబెట్టిన.
మిగిలిన పదకొండు
మిషను పక్కన కుప్పబడి ఆగినయి,
మార్కెల్‌ది కూడా.