ఐకీ ఎమ్‌కీ ఒకటే జాగ

కింద ముత్తిలింగమన్న డీటీపీ షాపు,
పైన రేకుల గదిల నేను.
గడియారం సెంటర్ల కరెంటు పోతే
ఇద్దరి తెరలూ ఒక్కసారే ఆరిపోతయి.

ఆయన చేసేది పెండ్లి పత్రికలు,
తప్పిపోయిన పాసుబుక్కుల ప్రకటనలు, దశదినకర్మ కార్డులు.
ఏ అక్షరం ఎంత దగ్గరికి జరగాల్నో
ఆయన కనుబొమ్మకు తెలుసు.
'శ్రీ' పక్కన కొంచెం ఊపిరాడనిస్తడు,
'ర'ను పక్కదాని ఒళ్లెకు నూకుతడు.

నేను రాసేది దేవరకొండ పాలకేంద్రం లెక్క:
ఎవరి క్యాను, ఎన్ని లీటర్లు, వెన్న ఎంత శాతం.

ఓ మాపటేళ చాయ్ గ్లాసుతో పైకొచ్చి
నా తెర చూసి నవ్విండు.
"ఇదేం పంచాయితి బిడ్డా,
పుల్లసొంటి ఐకి, ఎడ్లబండిసొంటి ఎమ్‌కి
ఒకటే జాగనా,
రేషన్ బియ్యం తీర్గ?"

లెక్క తప్పొద్దని, అన్న.
"సదివెటోని కన్ను జారాలె,
గచ్చు మీద నీళ్లోలె.
నీది సదువుతుంటే మెట్లెక్కినట్టుంది."

ఆయన ముంగట ఒప్పుకోలె.
దిగిపోయినంక ఫాంటు మార్చి చూసిన.
నిజమే,
కోడు జాబు తీర్గ చదవబుద్ధయింది.
ఫంక్షన్ల పేర్లు మనుషుల పేర్లలెక్క పలికినయి.
నాలుగు దినాలు అట్లనే ఉంచిన.

ఐదో దినం చిత్రియాల నుంచి ఫోను.
సాలమ్మకు వారం పాల పైసలు పడలేదట.
ఆమె సభ్యత్వం నంబరు పదకొండు.
రెండు ఒకట్లు.
పొద్దుగూకేదాక దేవులాడితే తెలిసింది,
రెండోది ఒకటి కాదు, చిన్న ఎల్.
అదే ఎత్తు, అదే సన్నదనం.
పెండ్లిల ఎవరి దిక్కు చుట్టమో తెల్వకుండ
బంతిల కూసొని తిన్నోని లెక్క
నాలుగు దినాలు నా కండ్ల ముంగటనే ఉంది.

మళ్ల పాత ఫాంటు పెట్టిన.
చుక్క కింద చుక్క, సున్న కింద సున్న,
మొక్కజొన్న సాళ్లలెక్క నిలబడ్డయి.
ఎల్‌కు తోక కనిపించింది.

దిద్దిన లైను మీద తెలుగుల రాసుకున్న:
'క్షమించు సాలమ్మా.'
దాని సుట్టూ చుక్కలతోటి డబ్బా గీసిన.
'క్ష' తన గడి దాటి
పక్క గడిల కాలు చాపి కూసుంది.
డబ్బా మూత పడలె.

ఒక్క ఖాళీ తీసేస్తే సరిపోతదేమో.
తీయలె.

ముత్తిలింగమన్నకు ఇంకా చెప్పలె.