సొరపాదు

మూడో అంతస్తు పైన, నీళ్ల ట్యాంకు పక్కన
నూనె డబ్బాలో సొరగింజలు పెట్టాను.
మలికిపురం నుంచి కొంగున ముడేసి తెచ్చినవి.
మొలిచింది ఒక్కటే.

శుక్రవారం. మేడమ్ వాళ్లు సముద్రం ఒడ్డుకి పోయారు.
నాకు రెండు గంటలు సెలవు.
చర్చి దాకా టాక్సీకి దీనారున్నర,
అందుకని ఇక్కడే, ఆకుల నీడలో వాక్యం తెరిచాను.

వచ్చింది ఆ అలిగిన ప్రవక్త కథ.
పట్టణం నాశనమైపోతుందని చాటి,
అవకపోతే కోపం తెచ్చుకుని
ఊరి బయట సొరపాదు కింద కూర్చున్నాడే, ఆయన.
సండే స్కూల్లో చేప దగ్గరే ఆపేసేవాళ్లు.
ఈ అలక సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రభువా, నేనూ ఒక పట్టణం కాలాలని కూర్చున్నదాన్నే.
దాని పేరు రత్నకాంతం.
ఇద్దరే పిల్లలు, జీతం నూట ఇరవై అని
లక్షా అరవై వేలు తీసుకుంది.
దిగాక చూస్తే పిల్లలు ఏడుగురు, జీతం డెబ్బై,
మూడు నెలలు అదీ లేదు.
ఆరేళ్లుగా నా రాత్రి ప్రార్థనలో
అమ్మ మోకాళ్లకి ఒక మాట,
చెల్లి చదువుకి ఒక మాట,
దాని తీర్పుకి మాత్రం ఒక పేజీ.
నువ్వు నమ్మదగినవాడివి కదా, ఆడి తప్పవు కదా అని
నీ మాటలు నీకే చూపించేదాన్ని,
అప్పిచ్చినవాడు ప్రామిసరీ నోటు చూపించినట్టు.

పోయిన నెల ఆమ్నెస్టీ పెట్టారు.
ఖల్లివెల్లి అయినవాళ్లు జరిమానా లేకుండా
ఇంటికి పోవచ్చన్నారు.
కింది వాటాలో పనిచేసే సుభాగ్యకి ఔట్‌పాస్ కోసం తోడు వెళ్లాను.
రేకుల షెడ్డు, నాలుగొందల మంది, ఒక ఫ్యాను.
గోడవార, చెప్పులు తలకింద పెట్టుకుని
రత్నకాంతం.

జుట్టు సగం లేదు. అకామా పోయి నాలుగేళ్లట.
తననీ ఎవడో అమ్మేశాడట, వాణ్ణి ఇంకెవడో.
లేవబోయింది, లేవలేక
"నీళ్లున్నాయా అమ్మాయ్" అంది.
ఆరేళ్లు రోజూ మోశాను దాని పేరు.
దానికి నా పేరు గుర్తే లేదు.

ఇదేనా నీ తీర్పు? ఇదేనా కనికరం?
రెండూ ఒకే షెడ్డులో ఒకే లైన్లో నిలబడితే
ఏ కౌంటరు దేనికో నాకెలా తెలుస్తుంది?

సీసా ఇచ్చాను. ఖుబ్బూసు సగం ఇచ్చాను.
డబ్బు సంగతి అడగలేదు.
అడగనందుకు నా మీద నాకే మండి
ఆ రాత్రి అంట్లు తోముతూ గాజు గ్లాసు పగలగొట్టాను.
మేడమ్ అర దీనారు కోసింది.

ఇదంతా పాదు కింద కూర్చుని తలుచుకున్నాను.
ఆ చీకట్లోనే దుమ్ము గాలి లేచింది.
తెల్లారి చూస్తే పాదు
పిండి ఆరేసిన గుడ్డలా గోడ మీద వేలాడుతోంది.
బొటనవేలంత పిందె, నల్లగా.
ఏడ్చాను. నిజంగానే, నోట్లో కొంగు కుక్కుకుని.
ఆరు వారాల తీగకి ఇంత ఏడుపా అని
ఎవరో అడిగినట్టయింది. ఎవరో ఏమిటి, నువ్వే.

ఆ కథ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.
ఆయన ఏం జవాబు చెప్పాడో రాయలేదు.
కుడీ ఎడమా తెలియని జనం సంగతేమిటని అడిగావు.
నేను ఇక్కడ దిగిన రోజున
కుడి నుంచి ఎడమకి రాసిన బోర్డుల కింద
ఏ దారి ఎటో తెలియక నిలబడిపోయినదాన్నే.
అప్పుడు నా చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది,
చెప్పకూడదనుకున్నాను,
రత్నకాంతమే.

పశువుల మాట కూడా అడిగావు.
రేవు నుంచి గొర్రెల లారీ ఇప్పుడే వీధిలోంచి పోయింది,
ఒకటి కమ్మీల్లోంచి తల బయటపెట్టి ఇటే చూస్తూ.

తీర్పు పేజీ చింపలేదు నేను. అబద్ధమెందుకు?
మడత పెట్టాను, అంతే.
డబ్బాలో మట్టి ఇంకా తడిగానే ఉంది.
దాని విమానం మంగళవారం.
వెళ్లి నా పేరు చెప్పి రావాలా వద్దా,
ఇంకా తేలలేదు.