మూడోవాడి కెటిల్

బుడాపెస్ట్‌లో, నాలుగో అంతస్తులో
జోంబోర్ హాస్యచిత్రం రాస్తున్నాడు.
పదకొండు వారాలుగా సీన్ ఒకటే:
రచయిత కూర్చుంటాడు. రాయడు.

పోనీ, వాడిచేతే రాయిద్దామని
కలం వాడికిచ్చాడు.
వాడు మహా గడుసు,
తన కింద ఇంకొకణ్ణి పెట్టి
చలికోటు తగిలించుకుని
ట్రామెక్కి పోయాడు.

ఆ మూడోవాడు, పాపం, జీతం లేనివాడు,
నిజంగానే ఒక వాక్యం రాశాడు:
"పొయ్యి మీద కెటిల్ మాడుతోంది."

ఇద్దరూ దిగ్గున లేచారు.
ట్రాములో ఉన్నవాడు కూడా
మధ్యలో దూకి వెనక్కి పరుగెత్తాడు.

కింది వాటా ఎటెల్కా
దగ్గుతూ తలుపు తోసుకొచ్చి
పొగలో తలలు లెక్కపెట్టింది.
"ఒక్కడి అద్దెకి ముగ్గురా?"

జోంబోర్ ఆ మాట ముందు రాసుకున్నాడు.
కిటికీ తర్వాత తీశాడు.