మూడోసారి

గుడిమల్కాపూర్ల పొద్దు పుట్టకముందే
నా గొంతు పుట్టేది.
బంతి, చామంతి, కనకాంబరం
గుట్టల నడుమ నిలబడి పాట నడిపేటోణ్ణి.
వేలం పాట.
ఒకటోసారి, రెండోసారి,
మూడోసారి అన్నంక పువ్వు ఇంకొకరిది.

ఇరవై రెండేండ్లు
ఎడమ దవడల గుట్కా పెట్టుకొని పిలిచిన.
నిద్ర ఆపనీకి అని చెప్పుకున్న.
లోపల ఒక తెల్లమచ్చ,
జాజిరేకంత.
పువ్వుల మనిషిని గద,
దాన్ని చూసి భయపడలే.

రెడ్ హిల్స్ దవాఖానల కాయితం చదివి
డాక్టరమ్మ గోడ గడియారం దిక్కు చూసింది.
"నాలుక కొంత, దవడ కొంత" అన్నది.
కొంతకు కొంత తూకమేసి అమ్మినోణ్ణి,
ఎంత అని అడగలేకపోయిన.

ఇంట్ల అందరు మంచోళ్లే.
"ఏం కాదు బావా" అన్నడు బామ్మర్ది,
అన్నప్పుడల్లా ఒక తలుపు దగ్గరికేసినట్టుండె.
సక్కుబాయి నా గ్లాసు వేరు పెట్టలే.
నేనే పెట్టుకున్న.

కోత అయినంక మూడు నెలలు
అద్దం గోడకు తిప్పి పెట్టిన.
ఫోన్ మోగితే కొడుకు చేతికిచ్చిన.
నా పేరు నేను చెప్తే
ఎవరిదో పేరు లెక్క ఇనిపిస్తుండె.

కరెంటు పెట్టే గది ముంగట బెంచీ మీద
ఒక ముసలామె వచ్చి కూసున్నది.
మూతికి దస్తీ లేదు.
కుడి దవడ ఉండేకాడ
తొడ తోలు అతికించిన్రు,
దాని మీద రెండు వెంట్రుకలు.
"చూడు బేటా,
అరవై ఏండ్లకు అల్లా నాకు గడ్డమిచ్చిండు."
నవ్విన.
కుట్లు గుంజినయ్.
నవ్వుతే గుంజుతయని
అప్పటిదాంక తెల్వనే తెల్వలే.

పేరు జైబున్నిసా.
సంచిల నుంచి ఐస్‌క్రీం పుల్లల కట్ట తీసింది.
"నోట్ల ఎన్ని పడుతయ్?"
ఆరు.
"నాకు మొదాల నాలుగే" అన్నది,
గొప్ప చెప్పుకున్నట్టు.
పుల్ల మీద పుల్ల,
నొప్పి కంటిదాంక పోతే ఆగాలె,
నూరు లెక్కపెట్టాలె, రేపు ఇంకొకటి.
ఇదే ముచ్చట దవాఖానోళ్లు బొమ్మ గీసి ఇచ్చిన్రు.
బొమ్మకు చొల్లు కారదు.
ఆమెకు కారుతది.
తుడుసుకొని మళ్లా మాట్లాడుతది.

రెండో శనివారం
సైకిల్ స్టాండు రేకుల కింద ఎనిమిది మందిమి.
ఆటో విల్సన్,
మాదన్నపేటల ఉల్లిగడ్డలమ్మే పోశవ్వ,
బ్యాంకుల చేసిన సారు ఒకాయన.
పొగాకు ముట్టనే లేదట, ఆ కోపం ఇంక దిగలే.
దిగమని మేం అనం.
ఒకరి జావ ఒకరం రుచి చూస్తం,
సగం నాలుకలతోని ఉప్పు గురించి కొట్లాడుతం.
బాట మీద పోయేటోళ్లకు
మా మాటలు బుడబుడ నీళ్ల లెక్క ఇనిపిస్తయేమో,
మాకు మాత్రం ఒక్క అక్షరం జారిపోదు.

పోయిన నెల పోశవ్వ రాలే.
ఆమె జావ డబ్బా మా కాడనే ఉండిపోయింది.
ఎవ్వరం ఏం అనలే.
విల్సన్ దాన్ని కడిగి బోర్లేసిండు.

ఇయ్యాల కొత్త పిలగాడు వచ్చిండు.
ఇరవై తొమ్మిదేండ్లు.
మాస్కు, టోపీ, నల్లద్దాలు,
మొఖమంతా షట్టరేసిన దుకాణం.
చేతిల పుల్లలు పెట్టిన.
మూడు పట్టినయ్.
నాలుగోదానికి అద్దాల కింది నుంచి నీళ్లు.

నాకు తెల్వకుండనే లేచింది
నా పాత గొంతు,
సొట్టగ, తడిగ.
"ఒకటోసారి..."
నా నోటి దిక్కు చూసిండు. మొఖం తిప్పుకోలే.
"రెండోసారి..."
పుల్ల కొస పండ్లకు తాకింది, ఆగింది.
పక్కన జైబున్నిసా
సాసర్ల చాయ్ చల్లారబెడుతున్నది.

మూడోసారి నేను అనలే.
"ఇంటికి తీస్కపో,
మళ్ల రెండో శనివారం రా" అన్న.
పుల్లలన్ని ఏరుకొని
రబ్బరు బ్యాండు వాడే చుట్టుకున్నడు,
రెండు చుట్లు.