కొసరు

కెమీ ఊళ్ళో మధ్యాహ్నం రెండున్నరకే దీపాలు వేస్తాం.
వంటగది త్రాసు మీద పిండి దులిపి
వెండి నాణెం ఒకటి పెట్టాను.
ముల్లు కాస్త తడబడి
ఇరవై మూడుకీ ఇరవై నాలుగుకీ మధ్య నిలిచింది.

కొన్నాయన పేరు అన్సెల్మో.
ఉరుగ్వేలో సాల్తో అనే ఊరు, అక్కడిప్పుడు ఎండలట.
ధర దగ్గర బేరమాడలేదు.
బిట్‌కాయిన్‌లో ఇస్తానంటే సరేనన్నాను, పంపాడు కూడా.
తర్వాత ఒకే ఒక్క వాక్యం రాశాడు:
"తపాలాకి పన్నెండు యూరోలా?
అమ్మా, లాభం నాణెం మీదా, కవరు మీదా?"

ఐస్‌బ్రేకర్ ఓడలో ముప్పై ఏళ్ళు వండి పెట్టినదాన్ని.
ఎవరి పళ్ళెంలోనూ గరిటె తక్కువ వేసి ఎరగను.
కోపమొచ్చింది. టీ పెట్టుకున్నాను.
టీ చల్లారేలోపు
కరెంటు బిల్లు వెనక లెక్క రాశాను.

రిజిస్టర్డ్ ఉత్తరానికి తొమ్మిది అరవై.
కవరు నలభై సెంట్లు.
అట్ట, ఓట్స్ డబ్బాలోంచి కోసింది.
టేపు జానెడు.
మంచులో తపాలా దాకా నడక నా మోకాళ్ళది,
దానికి ఏ దేశంలోనూ రేటు లేదు.
మొత్తం పది.

మరి ఆ రెండూ?
నిజం రాయాలంటే, మొన్న రాత్రి పడిపోయిన ధర గుర్తొచ్చి
రేపటి నా భయాన్ని
ఆయన కవరు మీద వేశాను.

తిరిగి పంపేద్దామని పక్కింటి ఒయివాని పిలిచాను,
ఫోన్లో ఆ పర్సు పెట్టిచ్చింది వాడే.
చూసి పగలబడి నవ్వాడు:
"రెండు పంపడానికి మూడు అడుగుతోంది, హిల్క్కా!"
పావలా కోడికి ముప్పావలా మసాలా.
వంటదానికి ఇంకా విడమరచి చెప్పాలా?

సరే, రెండు యూరోల బిళ్ళే కవర్లో పడేద్దామంటే
నలభై ఆరు గ్రాములది యాభై దాటి కూర్చుంది.
తపాలావాళ్ళ మెట్టు యాభై దగ్గరే.
బాకీ తీర్చబోతే
బాకీయే బరువెక్కింది.

అప్పుడు దించాను మా అమ్మ బొత్తాల డబ్బా.
అడుగున అల్యూమినియం పెన్నీలు,
ఊదితే ఎగిరేంత తేలిక.
చిన్నప్పుడు సూప్ పళ్ళెంలో నీళ్ళు పోసి
వేలి కొసతో మెల్లగా వదిలి తేలించేవాళ్ళం.
దుకాణంలో వీటికి ఉప్పురాయి కూడా రాదు.
సేకరించేవాళ్ళు అర యూరో ఇస్తారని ఒయివా అంటాడు,
వాడి మాట ఎంత నమ్మాలో తెలీదు.

నాలుగు లెక్కపెట్టాను.
ఆగి, ఇంకొకటి వేశాను.
నలభై ఎనిమిది. ముల్లు ఒప్పుకుంది.

చీటీ రాశాను:
"నాలుగూ మీవే, నేను ఎక్కువ తీసుకున్నవి.
ఐదోది కొసరు.
ఇవి నీళ్ళ మీద తేలతాయి, చూడండి."

ఏడు వారాలు.
చేరిందని నంబరు చెప్పింది, మనిషి చెప్పలేదు.
ఈలోగా మరో మూడు నాణేలు అమ్మాను,
ప్రతిసారీ ముందు త్రాసు, తర్వాతే అంకె.
బిట్‌కాయిన్ ఒకసారి పెరిగింది, రెండుసార్లు పడింది.
ఆ సంగతి కవర్లకి చెప్పలేదు.

నిన్న పొద్దున, స్టవ్ మీద గంజి పొంగుతుంటే, ఫోన్ మోగింది.
అన్సెల్మో. మళ్ళీ ఒకే ఒక్క వాక్యం:

"నాలుగు తేలాయి, ఒకటి మునిగింది,
మునిగింది కొసరా, బాకీయా?"

స్టవ్ ఆర్పాను.
ఇంకా జవాబు రాయలేదు.