నీళ్ళ గీత

బలుసుతిప్ప వెళ్ళే ఆఖరి పడవకి
ఇంకా ఐసు ఎక్కించలేదు.
నా సంచిలో నలభై మూడు నక్షత్రాలున్నాయి,
ఒక్కోదానికీ ఒక వేగం,
వేగం పక్కన కాస్త అనుమానం.
పాలపుంత చుట్టూ తిరిగే ఒక బుల్లి గెలాక్సీవి.
బుల్లిదంటే మరీ బుల్లిది,
వరదొస్తే జనాభా లెక్కల్లోంచి కూడా జారిపోయే
లంకలాంటిది.

వెలుగుని బట్టి తూస్తే అందులో సరుకు చిటికెడు.
ఆ చిటికెడు వీటిని పట్టి ఉంచలేదు.
ఇంత జోరు మీద ఎప్పుడో
బెదిరిన చేపపిల్లల్లా తలో దిక్కూ పోవాలి.
పోలేదు.
వెయ్యి కోట్ల ఏళ్ళుగా అక్కడక్కడే తిరుగుతున్నాయి.
ఏదో పట్టుకుని ఉంది,
కనపడేదానికి వందల రెట్లు.
మెరవదు. నీడైనా వెయ్యదు.
కృష్ణ పదార్థం అని బోర్డు మీద రాస్తే
వెనక బెంచీవాడు "వెన్నాండీ?" అన్నాడు.
క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పాలెపు లోవరాజు బీడీ వెలిగించాడు.
అవతల్నించి నావ వస్తోంది, పాటుకి ఎదురు, నెమ్మదిగా.
నావ కనపడదు. రెండు లైట్లు, అంతే.
"ఇసకండి," అన్నాడు.
ఎలా తెలిసిందన్నాను.
"లైట్లు నీళ్ళకి ఎంత దగ్గరున్నాయో చూడండి.
పొద్దున్న వెళ్ళేప్పుడు ఇంకో మూరెడు మీదుండేయి."

నేను పదకొండేళ్ళు చదివి నేర్చుకున్నది
ఒక్క పొగ వదిలేలోపు చెప్పేశాడు.
కాగితాలు తీసి ఫోను వెలుతుర్లో చూపించాను.
ఇదిగో, పన్నెండో నెంబరు, అన్నిటికన్నా జోరు.
"ఒంటిదాండీ, జంటుందా?"

జంట పడవలు తాడుకి కట్టి వదిలితే
ఒకటి ముందుకి ఉరుకుతుంది, ఒకటి వెనక్కి తంతుంది.
ఒకదాన్నే చూసినవాడు
ఏరే అంత జోరు మీదుందనుకుంటాడు.
పన్నెండు కొట్టేశాను.
భయమేసి ఇరవై తొమ్మిది కూడా కొట్టేశాను.
రేవు మెట్టు మీదే మళ్ళీ లెక్కేస్తే
బరువు సగానికి సగం దిగింది.
మిగతా సగం ఎంత గీకినా దిగలేదు.

గెలిచాననుకున్నాను.
లోవరాజు పడవ పక్కన సున్నంతో గీసిన గీత చూపించాడు.
"ఎండల్లో ఉప్పునీళ్ళు ఎగదన్నుకొస్తాయి కదండీ,
అప్పుడు ఇరవై పెట్టెలేసినా గీత మునగదు.
శ్రావణంలో ఎర్రనీళ్ళు.
అవే ఇరవై పెట్టెలు, గీత మునిగిపోద్ది.
బరువు మారలేదండి, నీళ్ళు మారినాయి.
ఆయ్, మీ ఆకాశంలో ఏం నీళ్ళో చూసుకున్నారా?"

చూసుకోలేదు.
చూస్తున్నవాళ్ళు కొందరున్నారు.
కనపడని సరుకేదీ లేదనీ,
అంత పలచటి చోట ఆకర్షణ సూత్రమే వేరనీ అంటారు.
నేను వాళ్ళ పక్షం కాదు.
స్టాఫ్ రూములో వాళ్ళ మీద వేసిన జోకులు మాత్రం
ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఎదురుగా లంక ఒడ్డు ఒక పెళ్ళ విరిగి నీళ్ళలో పడింది.
చప్పుడు తర్వాత వచ్చింది.
పాలపుంత కూడా ఇంతే,
బుల్లివాటిని అంచులనించి ఒలుచుకుంటుంది.
నా నలభై ఒకటిలో
ఇప్పటికే తెగిపోయి
ఇంకా కలిసి నడుస్తున్నట్టు నటిస్తున్నవెన్నో.

ఊక కప్పిన ఐసు దిమ్మలు వచ్చాయి.
మేం కదిలేసరికి నావ మా పక్కకొచ్చింది.
ఇసక లేదు.
అడుగున చిల్లు, నడుం దాకా నీళ్ళు,
ఒక కుర్రాడు నూనె డబ్బాతో తోడి పోస్తున్నాడు,
తోడుతూ, మా వైపు చూడకుండా.

లోవరాజుకేసి చూశాను.
"సరుకు తప్పానండి," అన్నాడు,
"బరువు తప్పలేదు."

నేను వంగి
గోదారిలో వేలు ముంచి
నాలిక మీద పెట్టుకున్నాను.