ఒక మిల్లీమీటరు

మా నాన్న తలలకు అచ్చులు చెక్కేవాడు.
క్వెంకాలో వాన ఎటునుంచి వచ్చినా
ముందు తడిసేది ఆయన అచ్చు మీద ఆరిన టోపీయే.
నేను కాళ్ళ దగ్గరికి దిగాను.
"వంశం కిందికి జారింది" అని నవ్వేవాడు,
మీసాల్లోంచి చెక్కపొట్టు రాలుతుండగా.

అదే బల్ల. అదే ఆకురాయి.

మరిట్సా తెనెసాకా వచ్చింది ఓ మంగళవారం,
పొద్దున మంచం దిగిన మొదటి అడుగు
గాజుపెంకు మీద పడుతోందని.
ఇరవై కిలోమీటర్ల నడక పందెం ఆమెది.
పరుగు కాదు, నడక.
రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలితే నేరం,
ఆనిన కాలు మోకాలి దగ్గర వంగినా నేరమే.
తోమెబాంబా ఏటి ఒడ్డున ఆమె సాధన చూసి
బాతులకు కూడా నవ్వొచ్చేదట. తనే చెప్పింది.

తడి అరికాళ్ళతో సిమెంటు మీద నిలబడమన్నాను.
వంపు ఉండాల్సిన చోట
నీళ్ళు నిండుగా అచ్చయ్యాయి:
కుడిపాదం ఓ పూర్తి రొట్టె.
ఎడమది నయం, కొరికిన రొట్టె.

సుద్ద కలిపి పట్టీలు చుట్టాను.
చల్లగా ఉందంది. కాసేపటికి వెచ్చగా ఉందంది.
గట్టిపడే ముందు సుద్ద వేడెక్కుతుంది,
ఎందుకో నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు.

వారానికి తయారయ్యాయి.
కింద బెండు, పైన పలచని తోలు,
మధ్యలో ఓ చిన్న మిట్ట.
బూటులో వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి
"ఎవరో కింద చెయ్యి పెట్టినట్టుంది" అంది.
అమ్మాయ్, ఆ చెయ్యి నాది, అరువిచ్చాను.
నీది నువ్వు తెచ్చుకోవాలి.

నేల మీద తువ్వాలు పరిచి
కాలివేళ్ళతోనే దగ్గరికి లాక్కోమన్నాను.
మొక్కజొన్న గింజలు గిన్నెలోకి, ఒక్కొక్కటీ, కాలితో.
మెట్టు అంచున నిలబడి మడమ దించు,
మూడు లెక్కపెట్టు, ఎత్తు.
పళ్ళు తోముకున్నంతసేపూ ఒంటికాలి మీద.
వేళ్ళు ముడవకుండా పాదాన్ని పొట్టి చెయ్యి.
ఇక్కడ అందరూ నవ్వుతారు.
"పాదం ఎలా పొట్టిదవుతుంది, దొన్ హెర్మెల్?"
చలేసిన పిల్లి వీపు చూశావా, అలా.

మూడు నెలలు చెయ్యలేదు.
ఆ సంగతి ఆమె చెప్పలేదు, బెండు చెప్పింది:
మిట్ట మొత్తం అణిగి
నా బొటనవేలంత నల్లటి మచ్చ.
తిట్టలేదు. కొత్త బెండు అతికించి
రెట్టింపు డబ్బు తీసుకున్నాను.

తర్వాత ఓ రోజు వాళ్ళమ్మ లూస్మిలా,
బజార్లో ఉడికించిన మొక్కజొన్న అమ్మే మనిషి,
కొట్టుకొచ్చి నిలదీసింది:
"నా సరుకుకి ఏం మంత్రం పెట్టావయ్యా?
గింజలన్నీ మంచం కిందే దొర్లుతున్నాయి!"
నాకా పూట పండగే.

ఆ ఏడు మరిట్సా మరో నాలుగుసార్లు వచ్చింది.
వచ్చినప్పుడల్లా మిట్ట మీద ఆకురాయి పెట్టి
ఒక మిల్లీమీటరు తీశాను.
చేసిన పనిని చేసినవాడే అరగదీసుకునే వృత్తి.
నాన్న ఉంటే ఏమనేవాడో.
తల బలపడింది, ఇక టోపీ వద్దు అంటూ
ఆయన దగ్గరికి ఎవడూ రాలేదు.

లోహా పోటీలో పదిహేడో కిలోమీటరు దగ్గర
పసుపు పలక ఎత్తారు, మోకాలు వంగిందని.
ఆరో స్థానం.
వానలో తిన్నగా నా దగ్గరికే వచ్చింది,
బస్సు దిగి, తల్లితో సహా,
గంటసేపు ఆ న్యాయనిర్ణేతను తిట్టింది.
మధ్యలో పాదం ఎలా ఉందని అడిగితే
"ఏ పాదం?" అంది.

నేను వినడం మానేశాను.
లూస్మిలా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి
లోపలికి వచ్చిన దారి పొడుగునా
తడి ముద్రలు, అన్నీ పూర్తి రొట్టెలే.
ముప్పై ఏళ్ళు బజారు సిమెంటు మీద
పొయ్యి పక్కన నిలబడ్డ కాళ్ళు.

కూర్చోండి, అన్నాను.
"నాకెందుకయ్యా? నేనేమైనా పందేనికి పోతున్నానా?"

అప్పటికే సుద్దలో నీళ్ళు పోసేశాను.
గట్టిపడిపోతుందమ్మా, అన్నాను,
త్వరగా, ముందు కుడికాలు.